లెఫ్టినెంట్ వెంకటరావు, సన్నాఫ్ అప్పలస్వామి

పురుషోత్తానికి అరవయ్యేడేళ్ళు వచ్చాయి గానీ కూర్చోవడం రాలేదు. సముద్రం అవతలి ఈ దీవి దేశంలో, బూన్ లే పేటలో ఆయన ఫ్లాట్‌లో ఒక సోఫా ఉంది. దాని అంచున ఆనుకుని ఉండగా ఆయన్ని చూసినవాళ్ళున్నారు. తీరిగ్గా కూర్చోగా చూసినవాళ్ళు లేరు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు జురాంగ్ ఐలాండ్‌లో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో పంపులు చూసుకున్నాడు. చూసుకోవడమంటే నిజానికి వినడం. స్క్రూడ్రైవర్ మొన బేరింగు మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, లోపల ఏది అరుగుతోందో ఎన్నాళ్ళకి విరుగుతుందో చెప్పేవాడు. కొత్తగా చదువుకొచ్చిన ఇంజనీర్లు అదే సంగతి చెప్పడానికి పెట్టెలో మిషను తెచ్చి, కంప్యూటరుకి తగిలించి, మర్నాడు సాయంత్రానికి చెప్పేవారు. ఇలాంటి చెవి ఉన్నవాడికి రిటైర్మెంటు ఒక శిక్ష. ఇంట్లో ఫ్రిజ్జు, కింద లిఫ్టు, పై అంతస్తులో ఎవరిదో వాషింగ్ మెషీను, అన్నిటి రోగాలూ ఆయనకి తెలిసిపోతుంటాయి. ఎవరూ అడగరు.

భార్య పోయి ఆరేళ్ళు. కూతురు కీర్తిక బ్యాంకులో పని చేస్తూ తండ్రితోనే ఉంటోంది. తండ్రి హాల్లో అటూ ఇటూ తిరుగుతుంటే ఆమె తన ఫోనులో ఆయన నడక లెక్క చూస్తూ, "పా, ఇంట్లోనే ఎనిమిది వేల అడుగులు అయిపోయాయి, ఇంక చాలు లా," అని ఈ ఊరివాళ్ళ "లా" తగిలించి అంటుంది.

ఇలా ఉండగా ఆయన చెవికి తన వంశంలోనే ఏదో బేరింగు అరిగిన చప్పుడు వినబడింది.

దానికి కారకుడు రషీద్. అదే అంతస్తులో మూడు తలుపుల అవతల ఉంటాడు. హైదరాబాదు నుంచి వచ్చి పన్నెండేళ్ళయింది, ఐలాండ్‌లోనే ఇంజనీరు. పండక్కి బిర్యానీకి పిలిచాడు. హాల్లో గోడ మీద, మామూలుగా టీవీ ఉండవలసిన చోట, ఫ్రేము కట్టిన వంశవృక్షం ఉంది. పద్నాలుగు తరాలు. ఒక్క కొమ్మయినా విరగలేదు, ఒక్క ఆకయినా రాలలేదు. పురుషోత్తం ప్లేటు చేత్తో పట్టుకుని దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఉర్దూ రాదు గనక తప్పులు పట్టే అవకాశం కూడా లేకపోయింది.

"మీది ఎంత దూరం పోతది అంకుల్?" అని రషీద్ మర్యాదకి అడిగాడు.

"మాది దూరం పోలేదు. ఈ ఊళ్ళోనే లెఫ్టినెంటు," అన్నాడు పురుషోత్తం.

ఆ కథ చిన్నప్పుడు నానమ్మ చెప్పగా విన్నది. వెంకటరావు అనే మహానుభావుడు పద్దెనిమిది వందల ఎనభై తొమ్మిదిలో భీమునిపట్నంలో ఓడెక్కాడు. ఓడలో అందరికీ వాంతులయినా ఆయనకి కాలేదు. ఇక్కడ దిగి, అడవి నరికి, ఆ అడవిలో గొడ్డలితో ఒక పులిని కూడా నరికి, పాక వేసుకున్నాడు. తరవాత తెల్లదొరలు పెట్టిన వలంటీరు దళంలో చేరి, మనవాళ్ళని ఆఫీసర్లు చెయ్యని రోజుల్లో లెఫ్టినెంటయ్యాడు. తరవాత జపాను వాళ్ళు వచ్చినప్పుడు తుపాకీ పట్టుకుని వాళ్ళకి ఎదురు నిలబడ్డాడు. నానమ్మ ఈ కథ అన్నం కలుపుతూ చెప్పేది. ముద్ద ముద్దకీ వెంకటరావు పెరిగేవాడు.

పండగ రాత్రి ఇంటికొచ్చి పురుషోత్తం ఈ కథని ఎంతో గంభీరంగా కీర్తికకి చెప్పాడు. ఆమె బ్యాంకు మనిషి.

"ఓడెక్కినప్పుడు ఆయన వయసెంత?"

"ఇరవై నాలుగని చెప్పేది."

"అయితే జపాన్ వచ్చినప్పటికి డెబ్బయ్యేడు. డెబ్బయ్యేడేళ్ళకి రిజర్విస్టా, పా? మా ఆఫీసులో అబ్బాయిల్ని నలభైకే సైన్యం డ్యూటీ నుంచి వదిలేస్తున్నారు లా."

పురుషోత్తం ఆ రాత్రి నిలబడే భోంచేశాడు.

లెక్క కుదరకపోవడానికి కారణం ఆయనే మర్నాటికి కనిపెట్టాడు. వెంకటరావు ఒకడు కాడు, ఇద్దరు. మనవాళ్ళలో పెద్ద మనవడికి తాత పేరు పెడతారు. వెంకటరావు కొడుకు అప్పలస్వామి, అప్పలస్వామి కొడుకు వెంకటరావు, మళ్ళీ వాడి కొడుకు అప్పలస్వామి. బావి గిలకకి రెండు బాల్చీలు కట్టినట్టు ఒకటి దిగితే ఒకటి పైకి వస్తుంది. ఇంటిపేరు ఉంటే ఎవరు ఏ ఇంటివాడో తెలిసేది. అది ఓడ ఎక్కలేదు. ఇంటిపేరు అనే వస్తువు ఒకటుంటుందని ఓడ గుమస్తాకి తెలియదు. ఆయన "నీ పేరు, మీ నాన్న పేరు" అని మాత్రమే అడిగాడు. ఆ విధంగా ఈ దేశపు కాగితాల్లో తాత వెంకటరావు సన్నాఫ్ అప్పలస్వామి, మనవడూ వెంకటరావు సన్నాఫ్ అప్పలస్వామే. అడవి నరికినవాడు మొదటి వెంకటరావు. లెఫ్టినెంటు ఆయన మనవడు, అంటే పురుషోత్తానికి సొంత తాత, నాన్నకి నాన్న. నానమ్మ ఇద్దర్నీ కలిపి ఒకే ముద్ద చేసింది.

అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ లెక్కన ఈ చివరి అప్పలస్వామి పెద్ద కొడుకు పేరు వెంకటరావు అయి ఉండాలి. ఆ పెద్ద కొడుకు పురుషోత్తం.

తాత బతికుండగా పుట్టాడు కాబట్టి పెట్టలేదనుకుందాం. తాత అరవై నాలుగులో పోయాడు. అరవై ఆరులో పుట్టిన తమ్ముడికీ పెట్టలేదు. అంత గొప్ప తాత పేరు కన్న కొడుకే ఎందుకు వద్దనుకున్నాడు? నాన్నని ఒకసారి అడిగితే, "పేరుదేముందిరా, పిలిస్తే పలికితే చాలు," అని కేరమ్ బోర్డు వైపు తిరిగిపోయాడు. ఇప్పుడు నాన్న లేడు. ఆ ప్రశ్న మాత్రం అరవై ఏళ్ళు అరుగుతూ అరుగుతూ, రషీద్ ఇంట్లో గోడ ముందు పెద్దగా మోత మొదలెట్టింది.

సరిగ్గా ఆ నెలలోనే తెలుగు మిత్ర మండలి వారి ఉత్తరం వచ్చింది. తొలితరం తెలుగు కుటుంబాల గురించి ఒక ప్రదర్శన పెడుతున్నారు, ముప్ఫై బోర్డులు, కుటుంబానికొకటి. వాటిలో నడిమి బోర్డు వలంటీరు దళంలో పని చేసిన లెఫ్టినెంట్ వెంకటరావు, సన్నాఫ్ అప్పలస్వామికి కేటాయించారు. పాత సిబ్బంది జాబితాలో ఆ పేరు దొరికింది. చిక్కేమిటంటే, ఆయన మా తాత అని ఇద్దరు దరఖాస్తు పెట్టారు. ఒకరు పురుషోత్తం. రెండోవారు మండలి కార్యదర్శి. ఆయన పేరు కూడా వెంకటరావే.

కార్యదర్శి వెంకటరావు ముప్ఫై ఏళ్ళు స్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. న్యాయానికి కట్టుబడ్డవాడు. రెండో ఉత్తరంలో ఆయన ఇలా రాశాడు: "కార్యదర్శిగా నేను నిష్పక్షపాతిని. మనవడిగా కాను. కాబట్టి నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం పన్నెండు లోపల తిరుగులేని ఆధారం ఎవరు తెస్తే బోర్డు వారిది. సోమవారం ప్రింటింగుకి వెళుతుంది." ఆయన తాతని జపాను సైనిక పోలీసులు వచ్చిన వారంలోనే లారీ ఎక్కించి తీసుకుపోయారు, మళ్ళీ రాలేదు. ఆఫీసరు కాకపోతే ఎందుకు తీసుకుపోతారు అన్నది ఆయన వాదన. జాబితాలో ఇంటిపేరు లేదు, ఊరు లేదు, ఫోటో లేదు. పేరు, తండ్రి పేరు, హోదా. అది ఎవరి తాతకైనా సరిపోతుంది.

పురుషోత్తం పాత కాగితాలు భద్రపరిచే చోటికి పోవడం మొదలెట్టాడు. అక్కడ పెన్ను నిషిద్ధం, పెన్సిలే వాడాలి. నీళ్ళు నిషిద్ధం, మాట నిషిద్ధం. కూర్చోవడం మాత్రం తప్పనిసరి. అది ఆయనకి అన్నిటికంటే కష్టమయింది. పావుగంటకోసారి లేచి కిటికీ దాకా వెళ్ళొచ్చేవాడు. మూడో రోజుకి ఒక ఉద్యోగిని ఆయనకి గోడ పక్కన ఎత్తు బల్ల చూపించి, నిలబడే చదువుకోమంది. ఆ అమ్మాయి చల్లగా ఉండాలని ఆయన తెలుగులో దీవించాడు.

ఆరో రోజున, బుధవారం, దొరికింది. దళం రద్దయ్యాక పాత సిబ్బంది రాసుకున్న అర్జీల కట్టలో ఒక ఉత్తరం. చక్కని ఇంగ్లీషు, గుమస్తా దస్తూరి. లెఫ్టినెంట్ వెంకటరావు సన్నాఫ్ అప్పలస్వామి అనే నేను, నాకు రావలసిన యుద్ధపతకం ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. కింద సంతకం. దాని కింద తారీకు: పందొమ్మిది వందల నలభై ఆరు, ఆగస్టు.

పురుషోత్తానికి మొదట సంతకం కనబడింది, తరవాత తారీకు. నలభై రెండులో లారీ ఎక్కి తిరిగి రాని మనిషి నలభై ఆరులో పతకానికి అర్జీ పెట్టలేడు. పెట్టినవాడు బతికున్నవాడు. బతికున్న వెంకటరావు మా తాత. తిరుగులేని ఆధారమంటే ఇదే. ఆయన ఆ నిశ్శబ్ద మందిరంలో గట్టిగా "అదీ," అన్నాడు. అందరూ తలలు తిప్పారు.

ఇక మిగిలింది ఒకటే. ఆ చేతిరాత తాతదేనని చెప్పగల మనిషి కావాలి. అలాంటి మనిషి భూమ్మీద ఒక్కరే ఉన్నారు: యీషున్‌లో ఉన్న మేనత్త సీతమ్మ. తొంభై రెండేళ్ళు. లెఫ్టినెంటు కూతురు.

శుక్రవారం పొద్దున్న నకలు పెద్దదిగా తీయించుకుని, అత్త సంతకానికి ఒక ధ్రువీకరణ పత్రం కూడా టైపు చేయించుకుని, పురుషోత్తం యీషున్ చేరాడు. సీతమ్మ చక్రాల కుర్చీలో కిటికీ దగ్గర ఉంది. టీవీలో తమిళ సీరియల్ ఊరందరికీ వినపడేటట్టు నడుస్తోంది.

"మకాన్ అయిందేట్రా?" అని ఈ ఊరి మాటలో భోజనం సంగతి అడిగింది.

"అయింది అత్తా."

"అబద్దం. మీ నాయనా ఇలగే గుమ్మంలో నిలబడి సెప్పేవోడు."

ఆయన టీవీ ఆపి, నకలు ఆమె చేతికిచ్చాడు. ఆమె కళ్ళజోడు తుడుచుకుంది. కాగితాన్ని దూరం పెట్టి, దగ్గరికి తెచ్చి, సంతకం చివర కిందికి దిగిన గీత మీద వేలు పెట్టింది. ఆ వేలు అక్కడే ఉండిపోయింది.

"మా అయ్యదే. ఈ తోక మా అయ్యదే."

"అయితే ఇక్కడ ఒక సంతకం పెట్టు అత్తా. తాతే ఆఫీసరని. ఆదివారం బోర్డు మనకి వచ్చేస్తుంది."

"ఎవులు అడుగుతున్నారు?"

ఆయన మండలి సంగతీ పోటీ సంగతీ చెప్పాడు. కార్యదర్శి పేరు, ఆయన తాతని లారీలో తీసుకుపోయిన కథ చెప్పేసరికి ఆమె కాగితం ఒళ్ళో బోర్లా పెట్టుకుంది.

"కూకో," అంది.

"నిలబడే వింటాను."

"కూకోకపోతే సెప్పను."

పురుషోత్తం కూర్చున్నాడు.

సీతమ్మకి అప్పుడు తొమ్మిదేళ్ళు. వాళ్ళు ఓడల మరమ్మతు యార్డు పక్కన పనివాళ్ళ లైన్లలో ఉండేవారు. తండ్రి పగలు యార్డులో గుమస్తా, సాయంత్రాలు దళంలో లెఫ్టినెంటు. ఊరు జపాను చేతికి పోయిన మర్నాడు ఎవరిదో లుంగీ కట్టుకుని ఇంటికొచ్చి, యూనిఫారం కోళ్ళ గూటి కింద పాతిపెట్టి, మూడు రోజులు గది దాటలేదు. మొదటి రెండు రోజులూ గిడ్డంగి దగ్గర ఎవరో జాబితా చూసి పేర్లు పిలుస్తూ మనిషికో డబ్బా బియ్యం ఇచ్చారు. పేరు పిలిస్తే పరిగెత్తాలి. ఆలస్యమయితే పక్కవాడికి పోతుంది. మూడో రోజు లారీ వచ్చింది. దిగినవాడి చేతిలోనూ ఒక జాబితా ఉంది. వాడు లైన్ల మధ్య నిలబడి పిలిచాడు: వెంకటరావు, సన్నాఫ్ అప్పలస్వామి.

ఆ లైన్లలో ఇంకో వెంకటరావు ఉండేవాడు. ఓడలకి రంగులేసే కూలీ. వేరే ఊరు, వేరే ఇంటిపేరు. కానీ సింహాచలం అప్పన్న పుణ్యమా అని ఆ రోజుల్లో విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన ప్రతి మూడో మనిషి తండ్రీ అప్పలస్వామే. ఆ రంగుల వెంకటరావు కుళాయి దగ్గర స్నానం చేస్తున్నాడు.

"డబ్బా పట్టుకుని పరిగెట్టినాడ్రా," అంది సీతమ్మ. "తడిబట్టల్తోటే. బియ్యానికి పిలుస్తున్నారనుకున్నాడు. నేనే, నేనే అని సెయ్యెత్తినాడు, ఇంకోలకి పోతాదేమోనని."

పురుషోత్తం లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "మరి తాత?" అన్నాడు.

"లోపలున్నాడు. ఇన్నాడు."

"బయటికి రాలేదా?"

"మా అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది." ఆమె కిటికీ వైపు చూసింది. "అమ్మని పక్కకి తొయ్యలేనోడేం కాదు."

తరవాతదంతా ఆమె తడుముకోకుండా చెప్పింది. ఎన్నేళ్ళుగానో ఎవరైనా అడుగుతారని వరస పెట్టి ఉంచుకున్నట్టుంది. యుద్ధం అయిపోయాక తండ్రి తన జన్మలో మొదటిసారి, చివరిసారి, తాను ఆఫీసరునని సర్కారుకి రాసి పతకం తెప్పించాడు. అది వచ్చిన రోజే జేబులో వేసుకుని, ఊరి అవతలికి మకాం మార్చేసిన రంగుల వెంకటరావు పెళ్ళాం దగ్గరికి వెళ్ళాడు. ఆమె కొడుక్కి తొమ్మిదేళ్ళు. ఆ పిల్లాడి చేతిలో పతకం పెట్టి, మీ నాన్న రహస్యంగా ఆఫీసరు పని చేశాడు, నేను ఆయన కింద సిపాయిని, ఇది ఆయనది, అని చెప్పి వచ్చేశాడు.

"ఆవిడ నమ్మిందా అత్తా?"

"మొగుడు రోజూ రంగు మరకల్తో ఇంటికొచ్చీవోడని ఆవిడికి తెల్దా? తెలుసు. పిల్లోడికి తెల్దు. పిల్లోడి కోసం పుచ్చుకుంది."

ఇంటికొచ్చి తండ్రి ఒకే మాట అన్నాడట. ఆ పేరు వాళ్ళకిచ్చేశాం, మన ఇంట్లో ఇంకెవరికీ పెట్టకూడదు. ఆ తరవాత ఆయన్ని బజారులో ఎవరైనా వెంకటరావని పిలిస్తే పలికేవాడు కాదు. రెండోసారి పిలిస్తే నడక జోరు పెంచేవాడు. ఇక నానమ్మకి నోరాగలేదు. భర్త గొప్ప ఎవరికీ చెప్పకూడదని ఆయన ఒట్టు వేయించుకున్నాడు గనక, ఒట్టు తప్పకుండా, ఆ గొప్పంతా తీసుకెళ్ళి ఆయన తాతకి తగిలించి మనవలకి అన్నంలో కలిపి పెట్టింది.

"నీ పేరు మీ అమ్మ కేలండరు సూసి ఎట్టింది," అంది సీతమ్మ. "ఇచ్చీసింది మళ్ళీ వాడుకుంటామేట్రా?" అని, ధ్రువీకరణ పత్రం కోసం చెయ్యి చాపింది. "ఇప్పుడు సంతకం ఎట్టమంటే ఎడతాను. అబద్దం కాదు గదా. సెయ్యి వణుకుతాది, కాయితం గట్టిగా పట్టుకో."

పురుషోత్తం కాగితం పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. తరవాత మడిచి జేబులో పెట్టుకుని, రేపొస్తానత్తా అన్నాడు.

యీషున్ నుంచి బూన్ లే రావడానికి గంట పడుతుంది. ఆయనకి ఆ రోజు మూడు గంటలు పట్టింది. బూన్ లే వచ్చింది, దిగలేదు. రైలు తువాస్ చివరిదాకా పోయింది. అక్కడ అందరూ దిగిపోయారు. ఆయన ఎదుటి ప్లాట్‌ఫారం మీద రైలెక్కి మళ్ళీ వెనక్కి వచ్చాడు, మళ్ళీ దిగలేదు. ఖాళీ సీట్లు బోలెడు ఉన్నాయి. తలుపు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

ఆయన కోరుకున్న వస్తువు చేతికి వచ్చింది. లెఫ్టినెంటు తన తాతే. కాగితం ఉంది, తారీకు ఉంది, సాక్షి ఉంది. కానీ ఆ కాగితం బల్ల మీద పెట్టిన మరుక్షణం, లెక్కల మాస్టారు అయిన కార్యదర్శి రెండో ప్రశ్న అడుగుతాడు: మరి మా తాతని ఎందుకు తీసుకుపోయారు? మొదటి జవాబు కడుపులోనే రెండో ప్రశ్న కూర్చుని ఉంది. అలా తాత ఒకే రోజు దొరుకుతాడు, ఒకే రోజు పోతాడు. పోతూ పోతూ ఇంకో ఇంట్లో తాతని కూడా తీసుకుపోతాడు. ఆ ఇంటి తాత డబ్బా పట్టుకుని బియ్యానికి పరిగెత్తిన మనిషిగా మిగులుతాడు.

అయినా నిజం నిజమే కదా అని ఒక స్టేషనులో అనుకున్నాడు. ఎవరికి కావాలి అని తరవాతి స్టేషనులో అనుకున్నాడు. నాకు కావాలి, అరవై ఏళ్ళుగా నాకు కావాలి అని దాని తరవాతి స్టేషనులో. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఆయన ఏ పంపు దగ్గరా చప్పుడు విని ఊరుకోలేదు. విన్నదాన్ని చెప్పకుండా మూసిపెట్టడం ఆ ఉద్యోగంలో నేరం.

ఇంటికొచ్చేసరికి రషీద్ లిఫ్టు దగ్గర కలిశాడు. "క్యా అంకుల్, లెఫ్టినెంట్ సాబ్ దొరికిండా?" అన్నాడు నవ్వుతూ. పురుషోత్తం లిఫ్టు వచ్చినా ఎక్కకుండా, దీని తాడు అరిగింది అని చెప్పి, తొమ్మిది అంతస్తులు మెట్లెక్కి వెళ్ళాడు. కీర్తిక అడిగితే ఇంకా చూస్తున్నానన్నాడు. ప్రూఫ్ ఉంటే ఇచ్చెయ్, లేకపోతే వదిలెయ్, ఇందులో ఇంత నడవడం ఎందుకు పా అని ఆమె అంది. ఉండీ వదిలెయ్యడం అనే మూడో రకం ఆమె బ్యాంకులో లేదు. శనివారం ఆయన యీషున్ వెళ్ళలేదు. బట్టలన్నీ ఉతికాడు, బాగానే ఉన్న కుళాయి విప్పి మళ్ళీ బిగించాడు.

ఆదివారం పదకొండుకి మండలి గదికి వెళ్ళాడు. సెరంగూన్ రోడ్డు వైపు ఒక పచారీ కొట్టు మీద మేడగది. మెట్లెక్కుతుంటే కరివేపాకు వాసన వస్తుంది. సంచిలో నకలు ఉంది. ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియదు. కార్యదర్శి వెంకటరావు బోర్డుల నమూనాలు నేల మీద పరిచి, వాటి మధ్య ఎర్ర పెన్నుతో తిరుగుతున్నాడు.

"రండి అన్నగారూ. ఆధారం దొరికిందా?"

"ఒక కాగితం దొరికింది," అన్నాడు పురుషోత్తం.

వెంకటరావు పెన్నుకి మూత పెట్టాడు. అరవై రెండేళ్ళ మనిషి ముఖం పరీక్ష ఫలితాలు చూడబోయే కుర్రాడి ముఖంలా అయింది. అయినా ఆయన కుర్చీ చూపించాడు, మంచినీళ్ళిచ్చాడు, న్యాయంగా చెయ్యి చాపాడు. పురుషోత్తం సంచి విప్పలేదు.

"అది మా తాతది కాదు. మావాడు ఉత్త గుమస్తా. మీ తాతే," అన్నాడు. ఆ మాటలు అనుకున్నదానికంటే తొందరగా అయిపోయాయి.

వెంకటరావు ఇంకోవైపు తిరిగి కళ్ళజోడు సర్దుకున్నాడు. తరవాత బీరువా తెరిచి చిన్న పెట్టె తెచ్చాడు. అందులో మఖమలు గుడ్డ మీద పతకం. దాని మీద పేరు చెక్కి లేదు గనక ఆధారంగా పెట్టలేదట. వాళ్ళ నాన్న ప్రతి శుక్రవారం తోమేవాడట. తోమి తోమి దాని మీద రాజుగారి ముక్కు అరిగిపోయింది. దాన్ని తెచ్చిచ్చిన మనిషి గురించి వాళ్ళ నాన్న చచ్చేదాకా చెప్పేవాడట.

"తొమ్మిదేళ్ళ పిల్లాడికి ఆయన సెల్యూట్ కొట్టాడట అన్నగారూ. ఒకసారి కాదు. గుమ్మం దాటాక వెనక్కి వచ్చి మళ్ళీ కొట్టాడట. మా నాన్న నవ్వాడట."

పురుషోత్తం పతకం వైపు చూశాడు. ముట్టుకోలేదు.

పోటీదారు తప్పుకోవడం ఆధారం కాదని కార్యదర్శికి తెలుసు. ఆయన అలమారలోంచి ఒక ఫారం తీశాడు. బోర్డుకెక్కే కుటుంబానికి చెందని పెద్దమనిషి ఒకరు ధ్రువీకరిస్తే నియమం ప్రకారం సరిపోతుంది. మీకంటే పెద్దమనిషి ఎవరున్నారు అన్నాడు. పురుషోత్తం నిలబడే ఫారం నింపాడు. పేరు, చిరునామా, ఫోను. ఆఖరి గడి దగ్గర పెన్ను ఆగింది. ఈ సంగతి మీకెలా తెలిసింది?

మా తాత ఆ మాటే చెప్పాడు, అని రాశాడు.

వెంకటరావు భుజం మీంచి చదివాడు. ముప్ఫై ఏళ్ళు పేపర్లు దిద్దిన మనిషి, వదలలేదు. "మీ తాతగారికి ఎలా తెలుసంటారు?"

"అక్కడే ఉన్నాడు."

"ఆ లైన్లలోనా? తీసుకెళ్ళిన రోజు?"

"ఆ రోజే. ఇంట్లో ఉన్నాడు."

"ప్రత్యక్ష సాక్షి," అన్నాడు వెంకటరావు, ఇంకేమీ అక్కర్లేదన్నట్టు. వెంటనే నేల మీద మోకాళ్ళేసి, నడిమి బోర్డు నమూనా అడుగున ఎర్ర పెన్నుతో సాక్షి గురించి ఒక పంక్తి రాయబోయి, తలెత్తాడు. "మీ తాతగారి పేరు కూడా వేద్దామా? అదీ వెంకటరావు సన్నాఫ్ అప్పలస్వామే కదూ. ఒకే బోర్డు మీద ఆ పేరు రెండుసార్లుంటే చూసేవాళ్ళు తికమకపడరూ?"

పురుషోత్తం కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు.

"పడతారు," అన్నాడు.

"మరి ఏం వేద్దాం?"

"పొరుగువాడు అని వెయ్యండి."